పొదలోంచి వచ్చిన జవాబు

దయ్యాలున్నాయని నా ఎదుట అన్నవాడు ఎవడూ సుఖంగా లేచి వెళ్ళలేదు. ఎక్కడ చూశావు, ఏం కట్టుకుని ఉంది, నీతో పాటు ఇంకెవరు చూశారు అని వరసగా అడిగేవాణ్ణి. కాసేపటికి చెప్పులు వెతుక్కునేవాళ్ళు. మూడో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత చదువంతా ప్రొద్దుటూరు గ్రంథాలయంలో, మంగలి అంగడి పేపర్లలో నాకు నేనే చదువుకున్నాను. చెప్పే అయ్యవారు లేడు కాబట్టి, చెప్పింది నమ్మే అలవాటు కూడా నాకు రాలేదు. శ్మశానం పక్క చేలో నీళ్ళ వంతుకు ఒక్కణ్ణే పడుకున్నవాణ్ణి. దయ్యం ఉందని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం రాస్తాను.

కేశవ మా చెల్లెలి కొడుకు. వాడి నాయన తొందరగా పోవడంతో నేనే పెంచాను. జమ్మలమడుగులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ పెట్టి బాగుపడ్డాడు. ఊరి బయట పెద్ద ఇల్లు కట్టాడు. ఆ ఇంటి హాల్లో ఒక గోడ మిద్దె పైదాకా లేస్తుంది. గృహప్రవేశం అయినాక కూడా దాని మీద ఏమీ తగిలించలేదు.

"ఆడ ఏం పెడతావురా?" అని అడిగాను.

"కొమ్ములు మామా. తలకాయతో సహా."

"జింకను ముట్టుకుంటే జైల్లో ఏస్తారు."

"ఈడ ఏస్తారు. వేరే దేశంలో వాళ్ళే దగ్గరుండి కాల్పిస్తారు. బయపురెడ్డి అంతా మాట్లాడినాడు."

బయపురెడ్డి పులివెందులవాడు, కేశవకు స్నేహితుడు. ఆఫ్రికాలో ఒక దేశంలో బోర్లు వేసే లారీలు తిప్పుతాడు. ఆ దేశం పేరు రాయను. అతని మనుషులు ఇంకా అక్కడ పని చేస్తున్నారు. ఎన్నికలు జరగనీయకుండా సైన్యం గద్దెనెక్కిన దేశం అది. ఉత్తరాన ఊళ్ళు తగలబెడుతున్నారు. ఇవన్నీ నేను పేపర్లో చదివి ఉన్నాను.

"ఆ దేశంలో మనుషులు సస్తాంటే నీకు జింక కావాల్నా?" అన్నాను.

"గొడవలుండాయి కాబట్టే మామా మనకు అందుబాటులోకి వచ్చింది. తెల్లోళ్ళు ఎవురూ రాల్యా. రేటు సగానికి పడిపోయిండాది."

కేశవ చేతిలో ఫోను స్పీకర్లో ఉంది, అవతల బయపురెడ్డి ఇదంతా వింటున్నాడు. నవ్వాడు. "పెద్దాయనా, పులివెందులోనికి గొడవలు చూపిచ్చి బెదిరిస్తాండావా?"

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మా పక్క ఊళ్ళలో మిద్దెల మీద బాంబులు పెట్టుకుని మనుషులు కాపలా పడుకున్న రోజులు నేను చూశాను. పెళ్ళికి పోయినవాడు తిరిగొస్తాడో రాడో అని ఆడవాళ్ళు వాకిట్లో కూర్చునేవాళ్ళు. "మన గొడవ మనం పడినాం. దాంట్లో కుందేళ్ళు కొట్టుకోను పరాయోడెవుడన్నా వచ్చినాడా?" అన్నాను. కేశవ టికెట్లు అప్పటికే తీశాడు.

మా చెల్లెలు మాత్రం ప్రొద్దుటూరు వచ్చి నా ముందు కూర్చుంది. "అన్నా, వాడు నా మాట ఇనడు. నువ్వు ఎంట పో. ఆడ ఏం తిక్క పని చేస్తాడో. పోయినోన్ని పోయినట్టు పిల్చుకోని రా" అంది. నా వయసులో ఎవరూ పోకూడని చోటికి అందుకే పోయాను.

ఆ దేశంలో దిగినప్పటి నుంచీ నాలో ఏదో మొద్దుబారింది. కోపం రావాల్సిన చోట కూడా రాలేదు. దారిలో సిపాయిలు బండ్లు ఆపుతున్నారు. మా ముందు ఒక బస్సు ఆగి ఉంది. కిటికీ దగ్గరికి పోయి ఒక్కొక్కరినీ పేరు అడుగుతున్నారు. పేరు చెబితే ఏ తెగో తెలిసిపోతుందట. ఒకతను పేరు చెప్పాడు. దించారు. బస్సు కదిలిపోయింది. అతను రోడ్డు పక్కన చేతులు తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. మాకు సలాం కొట్టి పంపారు. బయపురెడ్డి సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. నేను కూడా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నానంతే.

వేట అడవిలో రేకుల బంగళా ఇచ్చారు. వేట ఆడించే మనిషి ఒక తెల్లాయన, యాభై దాటినవాడు. అతని కింద జాడలు చూసే జోసెఫ్ అనే స్థానికుడు. జోసెఫ్‌కు ఇంగ్లీషు వచ్చు. నా డిక్షనరీ ఇంగ్లీషుతో అతనితో మాట్లాడగలిగాను. మా వంట మేమే చేసుకున్నాం. ప్రొద్దుటూరు నుంచి బొరుగులు, శనక్కాయ ఉండలు తీసుకుపోయి ఉన్నాం.

మరుసటి పొద్దున టిఫిన్ తిని బయలుదేరాం. ఎండ బాగా వచ్చింది. బండి దిగి కొంత దూరం నడిచాం. ఎర్రనేల, ముళ్ళపొదలు, అక్కడక్కడా పుట్టలు. గండికోట వెనక గుట్టల మాదిరే ఉంది. జోసెఫ్ చెయ్యెత్తి ఆపాడు. ఎదురుగా ఒక పెద్ద పొద. దాని పైన రెండు కొమ్ములు కనిపించాయి. కాసేపు కదలలేదు. తర్వాత కొంచెం వంగి మళ్ళీ లేచాయి. మేసే జంతువు తల ఎట్లా వంచుతుందో అట్లాగే.

తెల్లాయన మూడుకాళ్ళ కర్ర నిలబెట్టాడు. కేశవ దాని మీద తుపాకి ఆనించి కన్ను పెట్టాడు. తెల్లాయన వాడి భుజం తట్టాడు. ఇక కాల్చమని దానర్థం.

అప్పుడు కేశవ, కన్ను తీయకుండానే, మామూలు గొంతుతో, "ఎవురు?" అన్నాడు.

జింకను పట్టుకుని ఎవరు అని అడిగేవాడు భూమ్మీద ఇంకెక్కడా ఉండడు. తెల్లాయన ముఖం ఎర్రబడింది. మాట్లాడితే జంతువు పారిపోతుంది కదా.

పొదలోంచి జవాబు వచ్చింది.

"మనిషిని."

ఆ మాట సంగతి ఇక్కడ చెప్పాలి. మా చిన్నతనంలో, కేశవ చిన్నతనంలో కూడా, శనక్కాయ చేలను పాడు చేసే పందుల్ని కొట్టడానికి మేం పుట్టి పెరిగిన కొండాపురం పక్క గుట్టల్లోకి మగవాళ్ళు పోయేవాళ్ళు. కొందరు పొదల్లో దూరి పందుల్ని తోలాలి. ఒకరు తుపాకితో కాచుకోవాలి. పొద కదిలితే తుపాకి పట్టినవాడు ముందు "ఎవురు?" అని అడగాలి. లోపలున్నవాడు పేరు చెప్పకూడదు. పేరు చెబితే ఏ ఊరో, ఏ వర్గమో తెలిసిపోతుంది. పంది కోసం పట్టిన తుపాకి ఆ పేరు విని కూడా పేలవచ్చు. అందుకని "మనిషిని" అని మాత్రమే అనాలి. ఆ మాట వినబడితే తుపాకి నేలకు వంచాలి. మా ఊళ్ళ కట్టుబాటు ఇది. కడప టౌనులో అడిగినా దీని గురించి తెలిసినవాడు దొరకడు. కేశవకు తుపాకి కన్నా ముందు ఆ మాట నేర్పారు.

వచ్చిన గొంతు ముసలిది. మాట మా పక్కదే. ప్రొద్దుటూరు, చాపాడు వైపు వాళ్ళు ఆ మాటను తుంచేస్తారు. కొండాపురం వైపు చివర కొంచెం సాగదీస్తారు. అది సాగింది.

కేశవ తుపాకి వంచేశాడు. ఆలోచించి వంచినట్టు లేదు. చేతులు వాటంతట అవే దిగిపోయాయి. నా వైపు తిరిగి, "ఏంది మామా, ఎందుకు అడ్డమొస్తాండావ్?" అన్నాడు.

"నేననలేదురా."

"నువ్వు గాక ఈడ మన మాట మాట్లాడేదెవురు పెద్దాయనా?" అన్నాడు బయపురెడ్డి. అంటే అతనికీ వినబడింది.

ఇంత మాట్లాడినా జంతువు పరుగెత్తకపోవడం చూసి, జోసెఫ్ తన భాషలో పొద వైపు కేక వేశాడు. కొమ్ములు పైకి లేచాయి. అవి కొమ్ములు కావు. బోర్లించిన పీట కాళ్ళు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఒక ఆడపిల్ల నిలబడింది. ఆ వెనకే ఆ పిల్ల తల్లి, చంకలో ఒక బిడ్డ. ఆ తర్వాత ఒక ముసలామె. గండికోట రిజర్వాయరు నీళ్ళు వచ్చి మా ఊరు ఖాళీ చేసిన రోజు మా ఆడవాళ్ళు కూడా పీటలు ఇట్లాగే నెత్తిన బోర్లించుకుని నడిచారు. పిల్ల తల ఆ పీట కింద ఎక్కడుందో, కేశవ తుపాకి ఎక్కడికి గురిపెట్టి ఉందో నాకు అప్పుడు తెలిసింది.

వాళ్ళ ఊరు కాలిపోయిందట. సరిహద్దు దాటడానికి అడవికి అడ్డంగా నడుస్తున్నారు. మా బండి చప్పుడు విని, సిపాయిలనుకుని పొదలో దాక్కున్నారు. ఇదంతా జోసెఫ్ చెప్పాడు. నేను బొరుగుల సంచి ఇచ్చాను. తల్లి తీసుకుంది కానీ నన్ను చూడలేదు. వెనక్కి తిరిగి పొదనే చూస్తోంది. చూసి చూసి జోసెఫ్‌తో ఏదో అంది.

లోపల ఇంకో మనిషి ఉన్నాడు, అతన్ని కూడా బయటికి రమ్మనండి అంటోంది అని జోసెఫ్ చెప్పాడు.

జోసెఫ్ కర్రతో పొద అంతా విడదీసి చూశాడు. నేనూ చుట్టూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేల పిండి లాంటి ఎర్రమట్టి. వాళ్ళ అడుగులు కనబడుతున్నాయి. ఇంకో అడుగు లేదు. పొదకు అవతలంతా బయలు. ఎవడన్నా పరుగెత్తి ఉంటే మా అందరికీ కనబడాలి.

ఆమె ఒప్పుకోలేదు. దాక్కున్నప్పటి నుంచీ అతను పక్కనే కూర్చున్నాడంది. తమలాగే పారిపోయి వచ్చిన ముసలాయన అనుకుంది. పేరు అడగలేదట. ఈ రోజుల్లో ఎవరూ ఎవరి పేరూ అడగడం లేదంది. పిల్ల తల ఎత్తినప్పుడు అతనేదో అన్నాడట.

"ఏమన్నాడో అడుగు" అన్నాను జోసెఫ్‌తో.

అడిగాడు. మనిషి అన్నాడట, ఇంకేమీ అనలేదట.

"ఏ భాషలో?"

జోసెఫ్ ఆ ప్రశ్న కూడా ఆమెకు చెప్పాడు. ఆమె నన్ను మతి చెడినవాణ్ణి చూసినట్టు చూసింది. మా భాషలోనే, ఇంకే భాషలో అంటాడు అంది.

జోసెఫ్‌కు ఏ గొంతూ వినబడలేదు. తెల్లాయనకూ వినబడలేదు. వాళ్ళిద్దరూ విన్నది కేశవ అడిగిన ప్రశ్న ఒక్కటే.

వాళ్ళు నడిచి వెళ్ళిపోయారు. ముసలామె మాత్రం ఒకసారి ఆగి, ఎవరి కోసమో చూసి, మళ్ళీ కదిలింది. తెల్లాయన కేశవ భుజం మీద చెయ్యి వేసి, దిగులు పడొద్దు, ఒకవేళ పొరపాటు జరిగి ఉన్నా ఇప్పుడు ఇక్కడ అడిగేవాళ్ళెవరూ లేరు అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎన్నో మాటలకు మండిపడ్డాను. ఆ మాటకు నాకేమీ అనిపించలేదు. చెయ్యి కాలినా నొప్పి తెలియనట్టు ఉంది.

మధ్యాహ్నం బయపురెడ్డి మళ్ళీ వేటకు పోయాడు. ఒక తల తెచ్చాడు. ఇప్పుడది పులివెందులలో వాళ్ళ హాల్లో ఉంది. కేశవ బండిలోంచి దిగలేదు. తిరుగు ప్రయాణం దాకా అన్నం అన్న మాటే అనలేదు.

ఇంటికొచ్చాక నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఎండకు చెవుల్లో హోరు పుట్టిందనుకుంటే, ముగ్గురికీ ఒకే మాట ఎట్లా వినబడుతుంది? కేశవ పాత అలవాటుతో అడిగాడు, జవాబు కూడా అలవాటుగా వాడి చెవిలోనే మోగిందనుకుందాం. నాకూ అట్లాగే మోగిందనుకుందాం. బయపురెడ్డి పులివెందుల హాస్టళ్ళలో చదువుకున్నవాడు. ఆ కట్టుబాటు అతనికి తెలియదు. ఇక ఆమె సంగతి ఏమనుకోవాలి? భయంలో ఉన్నవాళ్ళకు పక్కన ఎవరో ఉన్నట్టుంటుందని ఒక డాక్టరు చెప్పాడు. ఉండొచ్చు. అయితే ఆ ఎవరో కొండాపురం సాగదీతతో నాకెందుకు జవాబు చెబుతాడో ఆ డాక్టరు చెప్పలేదు. నేనే ఎదుటివాడి చోట ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి చెప్పులు వెతుక్కునేలా చేసేవాణ్ణి.

కేశవ ఫ్యాక్టరీ నడుస్తోంది. కొడుకు తిరిగొచ్చాడని మా చెల్లెలు సంతోషంగానే ఉంది. వాడు మాత్రం సెలవు దొరికితే ప్రొద్దుటూరు వస్తాడు. నా మంచం పక్కన కుర్చీ వేసుకుంటాడు. టీ తాగుతాడు. పోయే ముందు ప్రతిసారీ అదే అడుగుతాడు.

"మామా, నువ్వే గదా అనింది? నువ్వేనని చెప్పు సాలు. ఇంగ అడగను."

నేనే అన్నానంటే వాడు నిద్రపోతాడు. అది నాకు తెలుసు. కానీ ఆ పూట బయపురెడ్డి ఫోన్లో వీడియో తీశాడు. అది కేశవ దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. అందులో కేశవ "ఎవురు?" అనడం వినబడుతుంది. తర్వాత గాలి చప్పుడే, ఏ మాటా లేదు. తుపాకి మెల్లగా దిగుతుంది. ఆ జవాబు రావాల్సిన చోట వాడి వెనక నేను కనబడతాను. పొదలో ఉన్నది జింకేనని అప్పటికి నాకు అనుమానమే లేదు. తల వెనక్కి వాల్చి, సీసా పైకెత్తుకుని, నీళ్ళు తాగుతున్నాను.