ఇటలీ సినిమాకు నలుగురు సాక్షులు

దయ్యాలు లేవని నిరూపించడానికి నా యవ్వనంలో మంచి భాగం ఖర్చుపెట్టాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను. బాణామతి చేసిందని ఒక ముసలామె పళ్లు రాలగొట్టిన ఊరికి వెళ్లాను. ఆమె నోరు చూసినవాడెవడూ మూఢనమ్మకాన్ని పోనీలే అని వదిలేయలేడు.

మా హేతువాద బృందానికి ఒక నియమం ఉండేది. వింత జరిగిందన్న చోటికి వెళ్లగానే, చూసినవాళ్లందరి చేతా విడివిడిగా సాక్ష్యం రాయించేవాళ్లం. రాయడం అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మాట్లాడుకుంటే పదిమంది భయాలూ కలిసి ఒక దయ్యమవుతాయి. విడివిడిగా రాస్తే పది కథలవుతాయి. మేం గ్రామగ్రామాన దయ్యాన్ని చంపింది కాగితంతోనే.

ఎనభైల మొదట్లో అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. నేను యూనివర్సిటీ లాబ్‌లో పనిచేసేవాణ్ణి. నా భార్య వచ్చి ఏడు నెలలు. ఉద్యోగం చేయడానికి వీసా ఒప్పుకోదు, కారు నడపడం రాదు. రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో పగలంతా ఒక్కతే.

ఒకరోజు భోజనం దగ్గర, “నేను లేనప్పుడు ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టుందండీ,” అంది. ఒంటరితనం అన్నాను. వారం తర్వాత మళ్లీ అంది. ఈసారి తీరిగ్గా కూర్చోబెట్టి, ఒంటరి మెదడు శబ్దాలను ఎలా కల్పించుకుంటుందో, దయ్యాలు ఎందుకు లేవో అరగంట చెప్పాను. చదవమని ఒక పుస్తకం కూడా ఇచ్చాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నేను గెలిచాననుకున్నాను. ఎదుటి మనిషి నోరుమూసుకుంటే మన వాదన నిలిచిందనుకోవడం మా వాదప్రియులందరికీ ఉన్న జబ్బు.

ఆ రోజుల్లోనే మా ఊరి థియేటర్‌కి ఇటలీ వాళ్లు తీసిన భయం సినిమా ఒకటి వచ్చింది. మధ్యలో లేచిపోయినవాళ్లున్నారని, ఒకామె కళ్లు తిరిగి పడిపోయిందని లాబ్‌లో చెప్పుకున్నారు. నాకు పాత ఉత్సాహం వచ్చింది. భయం ఎలా తయారవుతుందో మా బృందం పత్రికకు ఒక వ్యాసం రాయాలి. ఆదివారం మధ్యాహ్నం ఆటకు నలుగురం బయల్దేరాం: మేమిద్దరం, మందుల కంపెనీలో పనిచేసే మిత్రుడు, హాస్పిటల్‌లో డాక్టర్‌గా ఉన్న అతని భార్య. చూశాక ఎవరూ మాట్లాడకూడదు, వాళ్లింటికి వెళ్లి విడివిడిగా రాయాలి. నా సాక్ష్యం బయల్దేరే ముందే రాసి జేబులో పెట్టుకున్నాను. “సంగీతం తీసేస్తే ఇందులో భయపడవలసింది లేదు. నేను భయపడలేదు.” చూడని సినిమాకు రాసిన సాక్ష్యం అది. ఊళ్లో ఎవడైనా అలా రాసుంటే చింపి పారేసేవాణ్ణి.

కథ చిన్నది. ఒక ప్రొఫెసర్ భార్య పగటిపూట పెద్ద ఇంట్లో ఒక్కతే ఉంటుంది. వస్తువులు చోటు మారుతుంటాయి. భర్తకు చెబుతుంది. నీకు నిద్ర చాలడం లేదంటాడు. పెదవులు ఇటాలియన్‌లో కదులుతుంటే మాటలు ఇంగ్లీషులో వినిపించేవి. మాట ఒక చోట, నోరు మరో చోట. నాకు అన్నిటికన్నా అదే ఇబ్బందిగా అనిపించింది. మనుషుల్లోంచి ఇంకెవరో మాట్లాడుతున్నట్టుండేది.

ముందు వరుసలో కాలేజీ పిల్లలు తెర మీదికి పాప్‌కార్న్ విసురుతూ, “డోంట్ ఓపెన్ ఇట్” అని ఆమెకు సలహాలిచ్చారు. అచ్చం మన టూరింగ్ టాకీసే. నిద్ర చాలడం లేదని భర్త అన్నప్పుడు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. పక్కకు చూస్తే నా భార్య కుర్చీ చేతిని పట్టుకుని ఉంది. ఇవతలి పక్క నా చెయ్యి ఉంది. దాన్ని పట్టుకోలేదు.

అల్మరా తలుపు లోపలినుంచి తెరుచుకున్నప్పుడు సలహాలిచ్చిన పిల్లలు కూడా నోరెత్తలేదు. వెనక ఒకాయన గట్టిగా ఊపిరి పీల్చి, దాన్ని వదలడం మరిచిపోయాడు. చొక్కా చెమటతో నా వీపుకు అంటుకుంది. సంగీతం అనుకున్నాను. అప్పుడు సంగీతం లేదు.

కారులో నియమం ప్రకారం నలుగురం మౌనం. వాళ్లింట్లో టీ పెట్టి, పసుపు కాగితాల పుస్తకంలోంచి తలా ఒకటి చించి ఇచ్చారు. ముందుగా మిత్రుడు తనది చదివాడు.

“కళ్లు మూసుకున్నాను గనుక నేను సాక్షిని కాను. మూసుకున్నది భయంతో కాదు, లెన్స్ మంటతో.”

“నీకు లెన్స్ ఎప్పుడు పెట్టార్రా?” అన్నాను.

“క్రాస్ ఎగ్జామినేషన్ తర్వాత గురూ, ముందు టీ తాగు.”

డాక్టర్ గారు తనది చదివింది. “అంత బ్లడ్ పోయాక ఆ పేషెంట్ అంతసేపు మాట్లాడదు. డైరెక్టర్ ఎమర్జెన్సీ రూమ్ ఎప్పుడూ చూడలేదు.” చదివి నా భార్య వైపు తిరిగింది. “నీది చదువు వదినా.”

“నాది ఆయన చదువుతారు,” అని నా భార్య కాగితం నాకు అందించింది. రెండు వైపులా రాసి ఉంది.

“సినిమా గురించి నేను చెప్పేది తక్కువ. ఆమెకు జరిగిందే నాకు నెల రోజులుగా జరుగుతోంది. మంగళవారం, గురువారం పదిన్నరకు ఉతకాల్సిన బట్టలు తీసుకుని బేస్‌మెంట్‌లో అందరి మిషన్ల దగ్గరికి వెళ్తాను. తిరిగి వచ్చేసరికి పాల గ్లాసు కడిగి బోర్లించి ఉంటుంది. నేను గ్లాసులు బోర్లించను. ఒకసారి దాని మీద నీటి చుక్కలు ఇంకా ఆరలేదు. రెండుసార్లు టాయిలెట్ సీటు ఎత్తి ఉంది. ఆ వేళల్లో మీరు లాబ్‌లో ఉన్నారు. రెండుసార్లు చెప్పాను. దయ్యాలు లేవన్నారు. దయ్యమని నేనెప్పుడైనా అన్నానా?”

“ఏంటి గురూ, బయటికి చదువు,” అన్నాడు మిత్రుడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టాను. నా సాక్ష్యం ఉన్న జేబే అది. మా ఇంటికి తిరిగి వెళ్లడం వాయిదా వేయడానికి ఇంకో కప్పు టీ అడిగాను.

మన ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుంటే తాళం కప్ప మనదే. గొళ్లానికి మన తాళం వేసుకుంటాం, చెవి మన బొడ్డులోనో జేబులోనో ఉంటుంది. ఇక్కడ తాళం తలుపులోనే ఉంది. మేనేజర్ రెండు చెవులిచ్చాడు, ఒకటి నాకు, ఒకటి ఆమెకు. ఈ లోకంలో ఆ తలుపుకు రెండే చెవులున్నాయని నమ్మాను. ఏ ఆధారంతో నమ్మాను? ఎవరు రుజువు చూపారు? దేవుణ్ణి రుజువు అడిగినవాణ్ణి, తాళాన్ని అడగలేదు.

మంగళవారం లాబ్‌కి వెళ్లలేదు. పోలీసులకు ఏమని చెప్పాలి, గ్లాసు బోర్లించి ఉందనా? ముందు పరీక్షించి చూద్దామన్నాను. ఆమె రోజూలాగే బట్టల బుట్టతో కిందికి వెళ్తుంది, నేను పడకగది తలుపు వెనక ఉంటాను. “నేనెప్పుడూ వెళ్లేదేగా,” అని ఆమె వెళ్లింది. ఆమెను ఒంటరిగా పంపుతున్నానన్న ఊహ, ఎంత సిగ్గుచేటో, అప్పుడు నాకు రాలేదు.

పది నిమిషాలు కూడా కాలేదు. తలుపులో చెవి తిరిగింది.

తడుముకోలేదు. రోజూ తిప్పే చెయ్యి. బరువైన బూట్లు వంటగదిలోకి నడిచాయి. ఫ్రిజ్ తెరుచుకుంది. తలుపు సందులోంచి గోధుమరంగు జాకెట్ వీపు, వెడల్పాటి మెడ కనిపించాయి. అతను పాలు పోసుకుని నెమ్మదిగా తాగాడు. కొళాయి తిప్పి గ్లాసు కడిగాడు. ఇంటి మనిషిలాగా కడిగాడు. ఎవరు నువ్వు అని నేను అడగాలి. దానికి బదులు ఉరుములు ఉరిమినప్పుడు అనుకోమని మా నాయనమ్మ నేర్పిన పేర్లు, పాతికేళ్లుగా వెక్కిరించిన పేర్లు, నా పెదవుల మీద కదిలాయి. కాళ్లు మాత్రం కదలలేదు.

అతను బాత్రూమ్‌లోకి వెళ్లాడు, వచ్చాడు. హాల్లో ఆమె శాలువా కుర్చీ మీద ఉంటే తీసి, మడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు. బయటికి వెళ్లి తాళం వేశాడు. బూట్లు మెట్లు దిగుతున్నాయి.

దిగుతున్నాయి. కింద ఆమె ఉంది.

అప్పుడు పరుగెత్తాను. చెప్పుల్లేకుండా, మూడు మూడు మెట్లు. బేస్‌మెంట్‌లో ఆమె డ్రయ్యర్ దగ్గర నా చొక్కాలు మడతపెడుతోంది.

“ఎవరైనా వచ్చారా?”

“ఇప్పుడే ఒకాయన అటు డోర్‌లోంచి వెళ్లాడు. గోధుమరంగు జాకెట్. ఎప్పుడూ ఇక్కడే కనిపిస్తాడు, నా బుట్టకి డోర్ పట్టుకుంటాడు కూడా. పైన ఉంటాడనుకున్నా.” నా ముఖం చూసి చేతిలో చొక్కా వదిలేసింది. “ఆయనేనా?”

పోలీసులు వచ్చి రాసుకున్నారు. మేనేజర్ అదేదో మామూలు సంగతన్నట్టు, పాత అద్దెదారుల్లో చెవులు తిరిగివ్వనివాళ్లు ఉంటారన్నాడు. అతనెవరో ఎప్పటికీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమే తాళం మార్పించాం, లోపల గొలుసు వేయించాం. కొత్త చెవులు మూడు ఇచ్చారు. ఆమె మూడూ తీసుకుంది.

తాళం మార్చినవాడు వెళ్లాక ఏదో చెప్పబోయాను. పాఠం మొదలుపెట్టే అలవాటు అంత తేలిగ్గా పోదు. ఆమె చెయ్యెత్తి ఆపి, పసుపు కాగితం, పెన్ను నా ముందు పెట్టింది.

“రాసేదాకా మాట్లాడకూడదు కదా.”

ఆదివారం వేసుకున్న కోటు జేబులోంచి పాత సాక్ష్యం తీసి చింపేశాను. కొత్తది చాలాసేపు రాశాను. “నేను తలుపు వెనక నిలబడ్డాను. అతను ఉన్నంతసేపూ బయటికి రాలేదు. భయపడ్డాను. నెల రోజులు ఈ భయంతో ఆమెను ఒంటరిగా ఉంచాను, ఇవాళ కూడా ఒంటరిగానే కిందికి పంపాను. దాదాపు పదకొండు గంటల వేళ.”

ఆమె మొదటినుంచి చివరిదాకా చదివింది. పెన్ను తీసుకుని పదకొండు కొట్టేసి, పదీ నలభై అని దిద్దింది. కింద తన సంతకం పెట్టి, కుర్చీ నా పక్కకు లాక్కుంది.

“ఇప్పుడు చెప్పండి,” అంది.