ఆ అమావాస్య మంగళవారమని నాకు తెలియదు

మీరే ఫోన్ చేసి భోజనానికి రమ్మన్న చుట్టాలను, మీరే సభలో ఉపన్యాసమిచ్చి నడిరోడ్డు మీద ఆపించారా ఎప్పుడైనా? లేదంటే మీరు అదృష్టవంతులు అనను. అదృష్టం మీద నాకు నమ్మకం లేదు. తెలివైనవాళ్లు అంటాను. నేను మాత్రం ఆపించాను. ఉద్యోగ జీవితమంతా కాలేజీలో తర్కశాస్త్రం పాఠం చెప్పి, ఊరూరా మూఢనమ్మకాలను ఉతికి ఆరేసిన నేను, నా ఇంటి గృహప్రవేశాన్ని నా నోటితోనే ఎలా నాశనం చేసుకున్నానో చెబుతాను. నవ్వండి. కాస్త చూసుకుని నవ్వండి, ఇందులో ఎక్కడో మీరూ కనబడవచ్చు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. హనుమకొండలో రిటైరై, హైదరాబాదు నల్లగండ్లలో ఒక ఫ్లాటు కొనుక్కున్నాం నేనూ, మా ఆవిడ శారదా. నాది జనగామ దగ్గర పల్లె. శారదది తెనాలి. మా పెళ్లప్పుడు కులం గురించి కొట్లాడినవాళ్లు ఉన్నారు కానీ, జిల్లా గురించి ఎవరూ అడగలేదు. ఉద్యమం వచ్చాక జిల్లా కూడా మా ఇంట్లోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది.

శారద తమ్ముడు ప్రసాద్‌కు తెనాలిలో ఎరువుల దుకాణం. మంచివాడు, పంచాంగం చూడకుండా షట్టర్ కూడా ఎత్తడు. ఆ రోజుల్లో మా ఇద్దరి ఫోన్ మాటలూ టీవీ చర్చల్లా ఉండేవి. ఒకనాడు అతను, "హైదరాబాదు అందరం కలిసి పెంచుకున్నదేగా బావగారూ" అన్నాడు. నేను నీళ్లు, ఉద్యోగాలు, ఒప్పందాలు అన్నీ వరసపెట్టి చెప్పాను. నా వాదన సరైనదే, ఈనాటికీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నెగ్గినవాడు నెగ్గినచోట ఆగాలి. నేను ఆగలేదు.

"అంత కష్టంగా ఉంటే ఎవరి ఊరికి వాళ్లు పోవచ్చు" అని ముగించాను.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఇవతల వంటింట్లోంచి శారద వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"నేను కూడా పోవాలాండీ?"

ప్రసాద్ ఆ తర్వాత మాకు ఫోన్ చెయ్యలేదు.

సామానుతో కొత్త ఇంట్లో ముందే దిగిపోయాం. గృహప్రవేశానికి శారద పూజ అడగలేదు, హోమం అడగలేదు. నాతో ఇన్నేళ్లు కాపురం చేసింది కాబట్టి అడిగినా దొరకదని తెలుసు. అడిగింది ఒక్కటే. "మీ అక్కయ్యగారూ, మా తమ్ముడూ ఈ ఇంట్లో పక్కపక్కన కూర్చుని ఒక్క పూట అన్నం తినాలి. అప్పుడే నాకు ఇది ఇల్లు. లేకపోతే ఏదో లాడ్జిలో దిగినట్టే."

"పిలువు. నేను వద్దన్ననా?"

"నేను పిలిస్తే రాడు. ఆ మాట అన్నది మీరు. పిలవాల్సిందీ మీరే."

ఫోన్ తీశాను. ముందు క్షమాపణ, తర్వాత ఆహ్వానం అని మనసులో అనుకున్నాను.

"ప్రసాద్, గృహప్రవేశానికి రావాలయ్యా."

"సంతోషం బావగారూ. ముహూర్తం ఎప్పుడండీ?"

ముహూర్తం అన్న మాట చెవిన పడగానే, గుర్రానికి కళ్లెం ఊడినట్టయింది నా పని.

"ముహూర్తం లేదు, గిహూర్తం లేదు. ఆషాఢ అమావాస్యనాడు పెట్టిన."

"అమావాస్యా? అందులోనూ ఆషాఢమా?"

"కావాలనే పెట్టిన. చంద్రుడు కనబడకపోతే మా గోడలు కూలుతయా?"

అక్కణ్ణుంచి గ్రహాల మీద, రాహువు మీద, పురోహితుల మీద ఫోన్ వేడెక్కేదాకా చెప్పాను. ప్రసాద్ ఓపిగ్గా విని, "అక్కయ్యను అడిగానని చెప్పండి, వస్తాను" అన్నాడు. క్షమాపణ సంగతి నేను ఎత్తనేలేదు.

ఆ వేడిలోనే గోడ మీది క్యాలెండరు కంటపడింది. తిథులు, వర్జ్యాలు ఉన్న కాగితం నా ఇంట్లోనా అని పీకి అటక మీదికి విసిరాను. కొంప మునిగింది అక్కడే. మా ఇంట్లో ఆ రోజుకు అమావాస్య అని తప్ప ఇంకో పేరు లేకుండా పోయింది. అక్కకూ, ఆ రోజుకు మాట్లాడిన వంటమనిషికీ, పక్క ఫ్లాటు వాళ్లకూ అమావాస్య అనే చెప్పాను. తేదీ చెబితే ఎవరు ఉలిక్కిపడతారు? నాకు కావలసింది వాళ్ల ఉలికిపాటు.

ఆ వారంలోనే మా విశ్రాంత ఉద్యోగుల సభ జరిగింది. మంగళవారం బంద్‌కు పిలుపు. మైకు నా చేతికిచ్చారు. మైకిస్తే నేను ఎలా ఉంటానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. "మంగళవారం ఒక్క బస్సు కదలొద్దు, ఒక్క ఆటో కదలొద్దు, సైకిల్ చక్రం గూడ తిరగొద్దు" అన్నాను. చప్పట్లకు షామియానా ఊగింది. ఆ మంగళవారమూ, మా అమావాస్యా ఒకటేనని చెప్పగల వస్తువు అటక మీద పడి ఉంది. కొత్త ఇంటికి పేపరు వేసేవాడు ఇంకా కుదరలేదు, టీవీ అట్టపెట్టెలో ఉంది, శారద గిన్నెల మధ్య ఉంది.

అమావాస్య పొద్దున వంటమనిషి ఫోన్ చేశాడు.

"ఎట్లొస్తం సార్? బంద్ గద."

"బంద్ మంగళవారం గదయ్యా."

"ఇయ్యాల మంగళవారమే సార్."

నా మొహం చూసి శారద ఏమైందని అడిగింది. చెప్పాను. విప్పని అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. "తమ్ముడు రాత్రే రైలెక్కాడండీ" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపటికి లింగంపల్లి స్టేషన్ నుంచి ప్రసాద్. "దిగాను బావగారూ. ఒక్క ఆటో లేదు. తిరుగు రైలు ఎప్పుడుందో కనుక్కుంటున్నాను."

"కదలకు, వస్తున్న" అని చెప్పులేసుకుని బయల్దేరాను.

కూడలిలో కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యి వెలిగించి, పెద్ద గంజులో అన్నం వండుతున్నారు. వంటా వార్పు. రోడ్డు మీదే వండుకుని అక్కడే కూర్చుని తినే నిరసన అది. పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నది ఎవరో కాదు, మా అక్క యాదమ్మ. వెనకాల ఆమె వచ్చిన జీపు.

"ఏం తమ్మీ, నీ బంద్ మస్తు నడుస్తున్నది" అంది.

"బంద్ అని తెలిసి ఎట్ల బయల్దేరినవ్ అక్కా?"

"అమావాస్యనాడు ఇల్లు జొచ్చెటోనివి, బంద్ నాడు బువ్వ పెట్టవా అనుకున్న. ఈడ ఆపిన్రు. ఎవలింటికి అంటే నీ పేరు చెప్పిన. గా సార్ ఇంటికైతే అసలే ఇడువం, బంద్ పెట్టిందే గా సార్ అన్నరు."

అక్కడి కుర్రాళ్లలో పెద్దవాడు శ్రీను, క్యాబ్ నడుపుతాడు. స్టేషన్ దాకా బండి అడిగితే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ మాట మీదనే ఉన్నం సార్. సైకిల్ చక్రం గూడ తిరగొద్దంటిరి. నడుసుకుంట పోండ్రి."

నడిచాను. నా మాటకు అంత కట్టుబడినవాళ్లను నేను జీవితంలో చూడలేదు.

ప్రసాద్ స్టేషన్ బల్ల మీద, ఒళ్లో ఆవకాయ జాడీ పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది.

"ఒక్క మాట అడగనా బావగారూ. రమ్మన్నదీ మీరే, బంద్ అన్నదీ మీరేనట, ఇక్కడ మీ పేరు చెబితే అన్నారు. బంద్ అని పేపర్లో చూసి కూడా అక్కయ్య కోసం వచ్చాను. నన్ను స్టేషన్ నుంచే తిప్పి పంపితే రేపు మీ సభలో చెప్పుకోవచ్చనా?"

"లేదయ్యా. మర్చిపోయిన."

"తర్కం చెప్పేవారు. మీరు మర్చిపోతారా?"

నా పరిస్థితి చూడండి. దుర్మార్గుణ్ణి కాదని రుజువు చేసుకోవాలంటే, ముందు మూర్ఖుణ్ణని రుజువు చేసుకోవాలి. క్యాలెండరు సంగతి, అటక సంగతి అంతా చెప్పాను. నేను చెప్పిన పాఠాలన్నింటిలోకీ అదే కష్టమైనది. ప్రసాద్ నమ్మీ నమ్మనట్టు నా వెంట నడిచాడు.

నన్ను కాపాడింది అక్క సాక్ష్యం. కూడలిలో విషయం వినగానే కత్తి పక్కన పెట్టి అంది.

"వీడా? వీడు చేస్తడు. బాపనోళ్లొద్దు, రిజిస్టర్ ఆఫీసుల పెండ్లి చేసుకుంట అని అందరిని ఆదివారం తోలుకపోయిండు. తలుపుకు తాళం. నువ్వు గూడ ఉంటివి గదా ప్రసాదూ."

ప్రసాద్ ఆగిపోయాడు. "అవును వదినగారూ. చిన్నవాణ్ణి. మెట్ల మీద కూర్చుని అరటిపళ్లు తిన్నాం. అక్కయ్య పట్టుచీరతో మెట్లు దిగింది." నా వైపు తిరిగాడు. "నిజంగానే మర్చిపోయారండీ మీరు" అని నవ్వడం మొదలుపెట్టాడు. రోడ్డు మీద నిలబడి, జాడీ పొట్టకు హత్తుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. నా మూర్ఖత్వం మీద నాకు అంత గౌరవం కలిగిన రోజు మరొకటి లేదు.

శ్రీను విస్తరి చాపాడు. "కూసోండ్రి, తిని పోండ్రి."

"తింటానయ్యా. మొదటి ముద్ద మాత్రం మా అక్కయ్య ఇంట్లో" అన్నాడు ప్రసాద్.

"ఇయ్యాల ఇంట్ల పొయ్యే వెలగలేదు" అన్నాను నేను.

శ్రీను తోటివాళ్లతో ఏదో మాట్లాడి, చిన్న గంజు నిండా అన్నం, పప్పు తెచ్చి మా ముందు పెట్టాడు. "దీనికి చక్రాల్లేవు సార్, పోవచ్చు. గంజు మళ్ల తెచ్చియ్యాలె."

గంజు ఒక చెవి నేను, ఇంకో చెవి ప్రసాద్ పట్టుకుని, ఖాళీ రోడ్డు మీద నడిచాం. వెనక జాడీతో అక్క. అట్టపెట్టెల మధ్య నేల మీద అక్కా, ప్రసాద్ పక్కపక్కన కూర్చున్నారు. తెలంగాణ కోసం వండిన అన్నంలో తెనాలి ఆవకాయ వేసి శారద వడ్డించింది. ఎవరూ జెండాలెత్తలేదు. "జర ఎక్కువెయ్యి శారదా" అంది అక్క. శారద కొంగుతో మొహం తుడుచుకుంది, కారం అంది.

తింటూ నాలో నేను లెక్క వేసుకున్నాను. ముహూర్తాలు అబద్ధమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే పంచాంగం లేనివాడికి అన్ని రోజులూ ఒకటే కావాలి. నేను అమావాస్యనే వెతికి పట్టుకున్నాను. అంటే నేనూ ముహూర్తం పెట్టుకున్నవాణ్ణే, తలకిందులుగా. శుభం కోసం కాదు, నలుగురి నోరు మూయించడం కోసం. ఎవరు రాగలరు, ఎవరు తినగలరు అని మాత్రం చూడలేదు.

సాయంత్రం ధైర్యం కూడదీసుకున్నాను. "ప్రసాద్, ఆనాడు ఫోన్ల ఎవరి ఊరికి వాళ్లు పోవచ్చని అన్న. తప్పయింది."

"పోదామనే సంచి సర్దానండీ" అన్నాడు తాపీగా. "రైళ్లు కూడా ఆపేశారట. మీరే పొమ్మంటారు, మీరే పోనివ్వరు. ఏం చెయ్యమంటారు బావగారూ?"

శారద అంత గట్టిగా నవ్వగా ఆ కొత్త గోడలు మొదటిసారి విన్నాయి. అతను మరునాడూ వెళ్లలేదు. బంద్ అయిపోయిందని ఎవరూ అతనికి గుర్తు చెయ్యలేదు.

కాబట్టి, అగ్ని సాక్షిగా కాదు, అగ్నిని నేను సాక్షిగా ఒప్పుకోను, శారద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరి మీదో పంతానికి నా ఇంట్లో ఏ రోజూ నిర్ణయించను. వాదనలో నెగ్గాక నోరు తెరవను. రెండోది కష్టం, అయినా ప్రమాణమే.

ఇక మీ సంగతి. నెగ్గిన వాదన వల్ల మీ గడప తొక్కడం మానేసిన మనిషి ఒకరు మీకూ ఉంటారు. ఇది పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ముందు తప్పయిందని చెప్పండి. తర్వాతే భోజనానికి పిలవండి.