చెక్కకు చుట్టిన గుడ్డ

జమ్మలమడుగులో మాది గుడ్డల అంగడి. పేరుకే అంగడి. నేను ప్రొద్దుటూరు కాలేజీలో బి.ఎస్సీ. చేరేనాటికి కింది వరసలో మాత్రమే నిజమైన తాన్లు ఉండేవి. పై రెండు వరసల్లో మా నాయన చెక్కపలకలకు మిగిలిన గుడ్డ చుట్టి పేర్చేవాడు. ఎవరైనా పైదాన్ని చూపించమంటే, "అది పెండ్లోళ్లకు తీసిపెట్టింది లేప్పా" అనేవాడు.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక ఉద్యోగం. హైదరాబాదులో గణాంకాల ఆఫీసులో, చేత్తో తిప్పే లెక్కల మిషను ముందు కూర్చుని పొద్దస్తమానం కూడికలు, గుణకారాలు చేసే మనిషిని అలా పిలిచేవాళ్లు. మా కాలేజీలో అలాంటి మిషను ఒకటుండేది. దాని పిడి అలవాటైనంతగా గజంబద్ద నా చేతికి ఏనాడూ అలవాటు కాలేదు. మా లెక్కల లెక్చరరు కోస్తా మనిషి. ఒక స్కాలర్‌షిప్పు ఉందనీ, అది దొరికితే మిగిలిన రెండేళ్లూ ఫీజు, హాస్టలూ గడిచిపోతాయనీ, డిగ్రీ కాగానే ఆ ఆఫీసు ముందుగా పిలిచేది ఆ స్కాలర్‌షిప్పు పొందినవాళ్లనేననీ ఆయనే చెప్పాడు. అది రాకపోతే నేను చదువు మాని అంగట్లో కూర్చోవాల్సిందే.

దరఖాస్తుకు ఒక్క కాగితం తక్కువైంది. మాకు రాబడి తక్కువని నాయన సంతకం పెట్టాలి, కింద ఇద్దరు పక్క అంగళ్లవాళ్లు సాక్షి సంతకాలు చెయ్యాలి. నాయన ఆ కాగితం ముట్టుకోలేదు. చివరికి లెక్చరరే బస్సెక్కి వచ్చాడు. పాపం, మంచికే వచ్చాడు. అంగడి మెట్ల మీద నిలబడి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే అన్నాడు.

"మీ పరిస్థితి నాకు తెలుసండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒక్క సంతకం పెట్టండి, మీవాడు బాగుపడతాడు."

ఎదురంగట్లో తూకం వేస్తున్న మనిషి చెయ్యి ఆగింది.

నాయన ఆయనకు సోడా తెప్పించి, మర్యాదగా బస్సెక్కించి వచ్చాడు. నా మొగం చూడకుండా, "వీధిలో నిలబెట్టి బీదోళ్లను చేసిపాయె. రేపు మనకు అప్పుకు సరుకు ఎవురిస్తార్రా? నీ సదువు కోసరం అంగడి మూయాల్నా?" అన్నాడు.

పైవరస సంగతి అందరికీ తెలుసులే నాయనా, అనాల్సింది. ఖాళీ సోడా సీసా తిరిగి ఇచ్చి రావడానికి పోయాను.

గడువు దాటిపోయింది. వీధిలో మాట మాత్రం ఆగలేదు. దాన్ని ఆపడానికి నాయన శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర అన్నదానం పెట్టాడు. బియ్యం మూటలు, గంగాళాలు, మా వీధి అంగళ్లవాళ్లు, అందరం ఒకే లారీలో పులివెందుల మీదుగా పోయాం. నా హాస్టలుకు పుట్టని డబ్బు అక్కడికి ఎట్లా పుట్టిందో నేను అడగలేదు. వరసల వెంట తిరుగుతూ అన్నం వడ్డించాను.

మూడో పంక్తిలో నా క్లాసువాడు కూర్చున్నాడు. ప్రొద్దుటూరులో మేము సరుకు తెచ్చుకునే హోల్‌సేల్ వర్తకుడి కొడుకు. స్కాలర్‌షిప్పు వాడికి వచ్చింది. వాళ్ల నాయన రాబడి లేదని నవ్వుతూ సంతకం పెట్టాడట. ఆయన్ని బీదోడని నమ్మే మనిషి ఊళ్లో ఒక్కడూ లేడు కాబట్టి ఆయనకు పోయేదేమీ లేదు.

"నువ్వు ఎందుకు పెట్టలేదప్పా దరఖాస్తు?" అన్నాడు వాడు, అన్నం కలుపుకుంటూ.

నేను జవాబు చెప్పేలోపు వెనకనుంచి నాయన అందుకున్నాడు. "మాకేం తక్కువప్పా? లేనోళ్లకు పోనీలే అని ఇడిసిపెట్టినాం. ఒరే, ఆయప్పకు ఇంకొంచెం పప్పు ఎయ్యి."

వేశాను.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన మీద జాలి కలుగుతుంది గాని, లేనోళ్లకు పోనీలే అన్న ఆ మాట మీద కోపం ఇప్పటికీ చావలేదు. ఆ అన్నదానం తర్వాతి సోమవారం నేను కాలేజీకి పోలేదు. పొద్దున్నే అంగడి తెరిచి, నిచ్చెన వేసుకుని, పైవరసలో పలకలకు కొత్త గుడ్డ చుట్టాను.