రెండు పులిపిల్లలు మింగిన పసుపు అంచు

మా బావకున్న నాలుగు సాంచాలను నేను ఒక్క అబద్ధంతో పడగొట్టాను. నమ్మరు కదూ. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలంటాం. ఒక్కొక్కటీ ఇనుప ఏనుగు. అయినా పడగొట్టాను.

అప్పట్లో నేను వార్పిన్ పనిలో ఉండేవాణ్ణి. స్టాండు మీద రంగురంగుల దారపు కోన్లు వరుసగా పెడితే, ఆ వరుసలోనే పోగులు సాగి చీరకు పడుగవుతాయి. పెట్టేవాడి తల ఎట్లుంటే చీర అట్లుంటుంది. అదే కొంప ముంచింది.

నెలల తరబడి ఆగిన బావ సాంచాలకు ఒక సేటు చీరల పని చూపించాడు. మొదటి పడుగు బాగుంటే ఏడాదంతా పని. లేకుంటే సాంచాలు పాతసామాను కొట్టుకే.

"అంచుకు ఆకుపచ్చ ఎనిమిది, పసుపు రెండు, ఎరుపు ఆరు. కుడి అంచు తిర్లమర్ల, ఎరుపు మొదలు, ఆకుపచ్చ ఆఖరు. కాగితం మీద రాస్కో బామ్మర్దీ, లేకుంటె ఫోన్ల ఫోటో తీస్కో," అన్నాడు బావ.

"మూడు రంగులకు కాగితమెందుకు బావా? నా తలకాయ లేదా?"

"గదే నా భయం."

ఎడమ అంచు పెట్టాను, నడుమ నీలం పెట్టాను, కుడి అంచు ఎరుపు ఆరూ పెట్టాను. దేవుడి పటంలా కుదిరింది. సరిగ్గా అప్పుడే కోనరావుపేట నుంచి ట్రాలీ తోలుకొచ్చిన ఎల్లయ్య గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ముత్యంపేట చెరుకుతోటల చిర్తపులిని చూసినవట గదనే?"

నిజానికి ముత్యంపేట పోయినప్పుడు నేను చూసింది కుక్కను. అదీ వెనక నుంచి. కానీ అంత ఆశగా అడిగినవాణ్ణి కుక్కతో పంపించేంత కఠినుణ్ణి కాను.

"చూసుడేంది, గిదో, నీకూ నాకూ ఉన్నంత దూరం."

"ఒక్కతేనా?"

"ఎంట రెండు పిల్లలు సుత."

కోరుట్ల నుంచి మల్లాపూర్ పోయే షేర్ ఆటోలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. తలలో ఉండదని ఆ రోజే తెలిసింది. రెండు పులిపిల్లలు ఎక్కగానే రెండు పసుపు వరుసలు నోరెత్తకుండా దిగిపోయాయి. నేను వాటి ముఖమైనా చూడలేదు.

"మరి నువ్వేం జేసినవ్?"

"కండ్లల్ల కండ్లు పెట్టి చూసిన. గదే తల వంచుకోని పోయింది."

పులి పోయింది, ఎల్లయ్య పోయాడు. చేయి మాత్రం ఆగలేదు. అంచుకు పదహారు వరుసలని గుర్తుంది కాబట్టి, ఖాళీగా ఉన్న చోటంతా ఆకుపచ్చతో నింపేశాను. లెక్క సరిపోయిందని మురిసి, చాయ్ కూడా తాగాను.

పడుగు సాంచకెక్కింది. పాత పోగుకొక కొత్త పోగు చొప్పున అతకడానికి మా అక్క రెండు రోజులు నడుము వంచి కూచుంది. ఆమె వేళ్లు వాచాయి. మూర గుడ్డ దిగిందో లేదో, సాంచ ఆపింది.

"తమ్మీ, గీ అంచుకు పసుపేది?"

జరిగింది నీళ్లు నములుతూ చెప్పాను. బావ ఆ గుడ్డను మడతపెట్టుకుని సేటును బతిమాలడానికి పోయాడు. సేటు మాత్రం, "రెండంచులు రెండు తీర్లుంటె ఎవ్వలు కడ్తరయ్యా," అని పనిని పక్కవీధికి తీసుకుపోయాడు. సాంచాలను ఇనుము కింద తూచి అమ్మారు. బావ ఇప్పటికీ పరాయి సాంచాల మీదే నేస్తున్నాడు.

సాంచాలు అమ్మకముందు ఆ పడుగు మీదే ఇంకొంత నేస్తే అక్కకు ఒక చీరయింది. నేను వెళ్లిన ప్రతిసారీ అదే కట్టుకుంటుంది, పసుపు లేని అంచు నాకు కనబడేటట్టు. అన్నం వడ్డిస్తూ, ముఖంలో నవ్వు ఉందో లేదో తెలియకుండా అడుగుతుంది.

"తమ్మీ, పులిపిల్లలు పెద్దగయినయా?"

అందుకే ఆ కంచం ముందే ఒట్టేశాను. చేతిలో కోను ఉండగా జన్మలో పులి ముచ్చట చెప్పను. ఇప్పటిదాకా ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు తర్వాత నా చేతికి కోను ఇచ్చినవాడు లేడు.