ఎవరికి తగిలింది?

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కబడ్డీని ఇంకా చెడుగుడు అనే పిలిచేవారు. కాలవ గట్టు కింద మా హైస్కూలు, దాని వెనక మేం ఆడే నేల. వాన పడిందంటే అది ఊడ్పులకి దమ్ము చేసిన చేనులా ఉండేది. ఆ బురదలోనే నేనూ, నేను చెప్పబోయే మా వాడూ ఆరో తరగతి నుంచి కలిసి ఆడాం. కూతకొచ్చినవాణ్ణి కాయడానికి జట్టంతా ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఎడమ చివర జంట ఎప్పుడూ మేమే. పొద్దున్నే గేదెలకి గడ్డి కోసి బడికొచ్చేవాడు కాబట్టి వాడి అరచెయ్యి గరుకుగా ఉండేది.

వాడు పోయి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య మా పదో తరగతి వాళ్ళమంతా బడిలో కలిసినప్పుడు, వాడి గురించి ఊరు చెప్పుకునే పాత మాట మళ్ళీ వినపడింది. ఆ మాట అబద్ధం. అది అబద్ధమని తెలిసి బతికున్నవాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి రాస్తున్నాను.

పదో తరగతిలో ఉండగా పొరుగు మండలం నుంచి ఒక జట్టు కప్పు కోసం మా ఊరు వచ్చి ఆడింది. ఆ జట్టు మా వాడి అమ్మమ్మగారి ఊరిది. వాళ్ళ జట్టుతో వాడి మేనమామ కూడా వచ్చాడు. మా నాన్న మొట్టమొదటిసారి నా ఆట చూడటానికి వచ్చి జనంలో ముందు నిలబడ్డాడు. పాయింట్లు సమానంగా ఉన్నాయి. ఆఖరి కూత వాళ్ళది.

బక్కపలచని కుర్రాడొకడు కూతకొచ్చాడు. మా జంట మీదికి దూసుకొచ్చి, వెనక్కి తిరుగుతూ చెయ్యి విసిరి, గీత దాటేశాడు. ఆ విసురులో బురద అంటిన మూడు వేళ్ళు నా వీపుకి తగిలాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఆ సంగతి నా చెయ్యి పట్టుకున్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"తగిలింది సార్! ఆ చివరోళ్ళిద్దర్లో ఒకడికి తగిలింది!" అని అరిచాడు ఆ కుర్రాడు. అంపైరు గారు చూడలేదు. "ఎవరికి తగిలింది?" అని మా వైపు తిరిగి అడిగారు.

మేం జవాబు చెప్పేలోపే మా ఊరి జనం లోపలికి వచ్చేశారు. "ఎవడికీ తగల్లేదెహె! మా ఊరొచ్చి దొంగాట ఆడతావేంట్రా?" అంటూ ఒకాయన ఆ కుర్రాడి బనీను పట్టి గుంజాడు. ఇంకొకడు చెంప మీద కొట్టాడు. నిజం చెప్పి దెబ్బలు తింటున్న ఆ పిల్లవాడు మా ఇద్దరి మొహాల్లోకి మార్చి మార్చి చూశాడు. నేను మా నాన్న వైపు చూసి, తల దించుకున్నాను.

అప్పుడు నా చేతిలోంచి మా వాడి చెయ్యి జారింది. పైకి లేచింది.

"నాకు తగిలిందండి" అన్నాడు.

జనం ఆ కుర్రాణ్ణి వదిలేశారు. మేం ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ పాయింటు నా వీపు మీద పోయింది. వాడు తన మీద వేసుకున్నది పేరు ఒక్కటే.

ఆట అయ్యాక బనీన్లన్నీ మా డ్రిల్లు మాస్టారు మూట కట్టి ఇంటికి తీసుకెళ్ళడం అలవాటు. ఆ రోజు నాది మాత్రం మడిచి నా చేతిలో పెట్టి, "నీది నువ్వే ఉతుక్కో. తడిపేముందు ఒకసారి విప్పి చూడు" అన్నారు. కాలవ రేవులో విప్పి చూస్తే వీపు మీద మూడు వేళ్ళ బురద మరక. మాస్టారికి తెలుసన్నమాట. మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన, ఎవరైనా ఏమైనా చెప్పేది ఉందా అని అడిగి, చాలాసేపు ఆగారు. అప్పటికే బనీను తెల్లగా ఉతికేశాను. నేను నోరు విప్పలేదు. ఆయన నన్ను ఎప్పుడూ నిలదీయలేదు. చెప్పుకునే వీలు నాకు ఇచ్చారు, నేను వాడుకోలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. "సారె పుట్టింటి నుంచి వస్తుందిరా, వీడు వాళ్ళమ్మ పుట్టింటికే కప్పు సారె పంపాడు!" అని ఎవరో అన్నారు. అంతే, వాడి పేరు సారెగాడు అయిపోయింది. మేనమామ కోసం ఆట అమ్ముకున్నాడని పెద్దవాళ్ళే నమ్మారు. బస్సులో, సంతలో, బడిలో సారెగాడే. నేను కూడా ఒకటి రెండుసార్లు నోరు జారి అలాగే పిలిచాను. వాడు పలికాడు.

ఎందుకు చెయ్యెత్తావని గట్టు మీద నడుస్తూ ఒక్కసారే అడిగాను.

"నువ్వెత్తవని తెలిసిపోయిందిరా. ఆ కుర్రాణ్ణి చంపేసేలా ఉన్నారు. ఎవరో ఒకళ్ళం ఎత్తాలి కదా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

నేను రాజమండ్రిలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదిరాను. వాడు ఊళ్ళో రొయ్యల చెరువు మీద పనికి కుదిరాడు. ఒక వానాకాలం పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"సారెగాడికి తగిలిందిరా."

"ఏం తగిలింది?"

"కరెంటు. చెరువులో నీళ్ళు తిప్పే చక్రానికి వైరు తెగింది. చూసుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు."

దహనానికి వెళ్ళాను. పాడె పట్టుకున్నవాళ్ళు కూడా, పాపం సారెగాడు మంచోడేరా, అనుకున్నారు. నేను భుజం మార్చుకుని నడిచాను.

మొన్న బడిలో కలిసినప్పుడు వాడి ఫొటోకి దండ వేసి, వాళ్ళమ్మగారిని ముందు కూర్చోబెట్టి శాలువా కప్పాం. తర్వాత ఒకడు మైకు అందుకుని, "మా సారెగాడు ఆ రోజు చెయ్యెత్తకుండా ఉంటే కప్పు మనదేనండి!" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందరూ నవ్వారు. అలవాటుగా నా పెదాలు కూడా విచ్చుకున్నాయి. ఆవిడ శాలువా అంచు సరిచేసుకుంటూ తల వంచుకున్నారు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నారు. ఆ మూడు వేళ్ళ సంగతి మొదటిసారి నోటితో చెప్పాను.

ఆవిడ చింతపండు పక్కకి జరిపారు.

"నాకూ చెప్పలేదు బాబూ" అన్నారు. "ఆ రాత్రి అన్నం పెట్టి నేను కూడా అడిగాను, మావయ్య చెప్తే చేశావేంట్రా అని. కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ అమ్మమ్మగారింటి గడప తొక్కలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఊరి బయట సైకిలు మీదే ఉండిపోయాడు."

"క్షమించండి పిన్నిగారూ" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం బాబూ? ఆ నవ్వినోళ్ళకి చెప్పు."

అందుకే చెప్తున్నాను. వాడు ఆట అమ్ముకోలేదు. అసలు వాడికి తగలనే లేదు. ఇప్పటికీ ఆఫీసులో ఇది ఎవరి పొరపాటు అని ఎవరైనా అడిగితే, మిగతావాళ్ళ సంగతేమో గానీ, నా చేతిలోంచి ఒక గరుకు అరచెయ్యి జారిపోతున్నట్టే ఉంటుంది. అంపైరు గారు ఆ రోజు అడిగినదానికి నా జవాబు ఇంకా బాకీ ఉంది.

నాకు తగిలిందండి.