చిమ్నీ చుట్టూ చెమ్మ

తొంభై తొమ్మిదిలో, దేశం కాని దేశంలో, పాసిర్ రిస్‌లోని మా అద్దె ఇంట్లో వంటింటి చిమ్నీ చుట్టూ గోడ చెమ్మగిల్లింది. రంగు పెచ్చులుగా ఊడి పప్పులో పడేది. మా ఆయన విశ్వనాథం గారు ఓనరుకు ఫోన్ చేసి, చిమ్నీ దగ్గర గోడ తడిగా ఉందని ఇంగ్లీషులో చెప్పారు. ఆ మనిషి చూడ్డానికైనా రాలేదు. చిమ్నీ పీకేసి రెండు వారాల్లో ఇల్లు ఖాళీ చేయమని ఉత్తరం పంపాడు.

ఈయనేమో తంజోంగ్ పగార్ ఆఫీసులో ఇంజనీరు, వై టూ కే అంటూ కంప్యూటర్ల తేదీలు దిద్దే మొనగాడు. ఉత్తరం చదివి గంగిరెద్దులా తలూపి, "అంతా నీ తాలింపుల వల్లే ప్రభా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు నాకు ఆరో నెల. ఆ కడుపుతో ఇల్లు వెతుక్కోవాలి. అప్పటికే ముగ్గురు ఓనర్లు, ఇంట్లో వండుతారా అని అడిగి మరీ లేదు పొమ్మన్నారు.

దానయ్య సోంపేట వైపు మనిషి. ఏడో తరగతితో సరి. బాత్రూముల కింద నీళ్లు దిగకుండా పూత పూసే పనిలో ఇక్కడ పదకొండేళ్లు అరగదీశాడు. బూన్ లేలో పన్నెండు మందితో ఒకే గది. లిటిల్ ఇండియాలో కూరగాయల కొట్టు దగ్గర నా గోడు విని, వారానికున్న ఒక్క సెలవూ మానుకుని, రైలు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాడు. మా ఆయన కూర్చోమని కూడా అనలేదు. కూలివాడికేం తెలుస్తుందని నా దగ్గర గొణిగారు.

ఉత్తరంలో ఏముందో నేను చెప్పగానే దానయ్య తలపట్టుకున్నాడు.

"ఈ ఊర్లో దీన్ని హుడ్డంటారమ్మా. సిమ్నీ అంటే గోడకి కన్నమెట్టి పొగగొట్టం కట్టేసినారనుకున్నాడు."

ఒక్క మాట కోసం నన్ను వీధిలో నిలబెట్టబోయారు! ఇంజనీరు గారు నేల చూపులు చూశారు.

దానయ్య తడి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులన్నీ టేపుతో అంటించాడు. వంట ఆవిరైతే కాగితం పైన తడి చేరుతుందనీ, గోడలోంచి వచ్చేదైతే వెనక చేరుతుందనీ చెప్పాడు. వారమంతా కసిగా తాలింపులు పెట్టాను. మళ్లీ ఆదివారం వచ్చి చూస్తే పైన పొడి, వెనకంతా నీటి బొట్లు. పై ఇంటి ఆంటీని మలయ్ ముక్కల్లో బతిమాలుకుని, వాళ్ల వంటింటి తూములో రవ్వకేసరి రంగు కలిపిన నీళ్లు పోశాడు. గంటన్నరకి మా గోడ మీద ఎర్రగా దిగింది.

ఫోన్ చేసి, అది పొగగొట్టం కాదు హుడ్డని చెప్పి ఓనరును రప్పించాం. గోడ చూశాడు, పైకెళ్లి తూము చూశాడు, ఖాళీ చేయక్కర్లేదన్నాడు. పై ఇంటి వాళ్లతో మాట్లాడి బాగు చేయిస్తానన్నాడు. తర్వాత మా ఆయన చేయి పట్టుకుని ఊపాడు.

"ఇంజనీర్ కదా, వెరీ స్మార్ట్ లా."

మా ఆయన నవ్వుతూ నిలబడ్డారు. కాదనలేదు. దానయ్య టేపు ముక్కలు ఏరుకుంటున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొట్ట పట్టుకుని ఇద్దరి మధ్యకీ వెళ్లాను.

"నాట్ హిజ్ ఫైండింగ్. దానయ్య గారు ఫైండింగ్."

ఓనరు వెళ్లాక మా ఆయన నా ఇంగ్లీషు దిద్దబోయారు. నోరు మూసుకోమన్నాను.