మెడలోది తీయకుండా

కృపామణిది పాకాల. చిత్తూరులో ఒక ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఎక్స్‌రేలు తీసింది. ఛాతీ ఎక్స్‌రేకు వచ్చిన ఆడవాళ్లు తాళి తీయమంటే బెదిరిపోయేవారు. ఆమె బలవంతపెట్టేది కాదు. మనిషిని కాస్త ఏటవాలుగా నిలబెట్టి, తాళి నీడ పక్కకు పడేలా ఇంకో ఫిల్మ్ తీసేది. కవరు మీద "తాళి తీయలేదు" అని రాసేది. ఒక్క మనిషికి రెండు ఫిల్ములేమిటి, కవరు మీద ఈ రాతలేమిటి అని కసిరిన డాక్టర్లలో నేనూ ఒకణ్ణి. నా నోరు అప్పుడు మంచిది కాదు, ఇప్పుడూ అంతంతమాత్రమే.

మొన్న వేసవిలో తిరుపతిలో ఒక ప్రైవేటు మ్యూజియం వాళ్లు పిలిచారు. ఎవరో శ్రీమంతుడు ఎప్పుడో ఈజిప్టు నుంచి తెప్పించుకున్న మమ్మీ వాళ్ల చేతికొచ్చింది. చుట్టిన గుడ్డ విప్పకుండా లోపలేముందో చూడాలట. మోసుకెళ్లే ఎక్స్‌రే మిషను నా దగ్గరుంది. చెయ్యి తిరిగిన మనిషే కావాలి. రిటైరైన కృపామణిని బతిమాలి తీసుకెళ్లాను.

పెట్టె మీద "యువరాణి" అని రాసి ఉంది. మొదటి ఎక్స్‌రేలో మెడ దగ్గర తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. గుడ్డ కింద ఏదో లోహపు బిళ్ల ఉంది. మ్యూజియం చూసుకునే భానుచందర్ కత్తెర తెప్పించాడు.

"మెడకాడ రవ్వంత కోసి బిళ్ల తీసేద్దాం సార్. మళ్లా ఎక్స్‌రే తీస్తే సరిపోతాది."

రెండు వేల ఏళ్ల గుడ్డ అది, కత్తెర తగిలితే పొడైపోతుంది. తెలిసి కూడా నేను తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఉండబ్బా" అంది కృపామణి. "ఆయమ్మ మెడలోది ఆయమ్మకే ఉండనీ. ఇంగొకటి తీస్తా. అప్పుడూ కనపడకపోతే నీ ఇష్టం."

మమ్మీని కదపలేదు. మిషను తలనే ఏటవాలుగా వంచింది. వెనక్కి జరిగి చూసి, ఇంకాస్త వంచి, తీసింది.

తెర మీద బిళ్ల నీడ పక్కకు జరిగింది. మెడ ఎముకలు కనిపించాయి. అన్నీ అరిగిపోయి, ఒకదాని మీదొకటి కుంగి ఉన్నాయి.

"యువరాణి కాదు సార్, ముసలామె" అంది కృపామణి మెల్లగా. "శానా ఏండ్లు నెత్తిన బరువు మోసినట్టుండాది. మాయమ్మ మెడ గూడా ఇట్లే ఉండె."

భానుచందర్ కత్తెర సొరుగులో పెట్టేశాడు.

రిపోర్టు నేను రాయాలి. ముప్పై ఏళ్లు ఆమె రాస్తే కసిరినవాణ్ణి, ఈసారి నా చేత్తోనే రాశాను: "మెడలోది తీయలేదు. తీయనక్కర్లేదు."